ఎస్‌క్యూలైట్ ఖాళీ లిస్టు ఇచ్చిందా? మీ డేటా ఎక్కడికీ పోలేదు

అపోహ: సెలెక్ట్ రన్ చేయగానే ఫలితాలన్నీ కర్సర్‌లోకి (క్వెరీ నడిపి ఫలితాలు అందించే ఆబ్జెక్ట్) వచ్చేస్తాయి.

పైథాన్‌లో ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్) వాడటం మొదలుపెట్టినవాళ్లు కంగారుగా అడిగేది ఇదే: "మొదటిసారి 40 రోలు వచ్చాయి, రెండోసారి ఖాళీ లిస్టు. డేటాబేస్ కరప్ట్ అయిందా?" కాలేదు. కర్సర్ లిస్టు కాదు, ఇటరేటర్. అడిగిన కొద్దీ ఒక్కో రో తీసి ఇస్తుంది. చివరిదాకా చదివేశాక, మిగిలిన రోలన్నీ తెచ్చే ఫెచ్‌ఆల్ ఖాళీ లిస్టు, ఒక్క రో తెచ్చే ఫెచ్‌వన్ అయితే నన్ (ఏమీ లేదని) ఇస్తాయి. ఎర్రర్ రాదు, అందుకే ఇంత భయం. ఫెచ్‌ఆల్ ఒక్కసారి పిలిచి వేరియబుల్‌లో పెట్టుకోండి, ఆ లిస్టును ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు. లక్షల రోలుంటే మాత్రం నేరుగా ఫర్ లూప్ మేలు.

అసలు కొంప ముంచేది మరొకటి. ఆర్డర్ల మీద లూప్ తిప్పుతూ, లోపల ఒక్కో ఆర్డర్ ఐటమ్స్ కోసం అదే కర్సర్‌తో మళ్లీ ఎగ్జిక్యూట్ చేస్తారు. ఆ క్షణమే బయటి క్వెరీ రద్దయిపోతుంది. లోపల ఫెచ్‌ఆల్ చేసి ఉంటే మొదటి ఆర్డర్‌తోనే లూప్ ఆగిపోతుంది. 200 బిల్లులకు ఒక్కటే ప్రింటవుతుంది, ఇక్కడా ఎర్రర్ ఉండదు. లోపలి క్వెరీకి అదే కనెక్షన్ నుంచి వేరే కర్సర్ తీసుకోండి. రెండు టేబుళ్లను కలిపే జాయిన్‌తో ఒకే క్వెరీగా రాస్తే ఇంకా మంచిది.

సగం చదివి వదిలేసిన కర్సర్ రీడ్ లాక్ పట్టుకునే ఉంటుంది. మామూలు జర్నల్ మోడ్‌లో (మీరేమీ మార్చకపోతే ఉండేది) ఇంకో కనెక్షన్ తన మార్పులు కమిట్ చేయబోతే డీఫాల్ట్‌గా 5 సెకన్లు ఆగి, "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అంటుంది. కర్సర్‌ను క్లోజ్ చేయండి. ఫైలు డిలీట్ చేసి మళ్లీ సృష్టించమనే సలహాలు దయచేసి వినకండి.

అపోహ: కర్సర్‌లోని రోకౌంట్ చూస్తే ఎన్ని రోలు వచ్చాయో తెలుస్తుంది. సెలెక్ట్‌కు అది ఎప్పుడూ -1. కౌంట్ క్వెరీ రాసినా వచ్చేది టపుల్ (బ్రాకెట్లో ఉండే విలువల వరుస), సున్నా ఇండెక్స్ పెట్టి తీసుకోవాలి.

అపోహ: పారామీటర్‌ను (క్వెరీలో ? స్థానంలో వెళ్లే విలువ) బ్రాకెట్లో పెడితే చాలు. చివర కామా లేకపోతే ('రవి') ఉత్త స్ట్రింగే. ర, వ, గుడి అని మూడుగా లెక్కపెట్టి, ఒక్కటి కావాల్సిన చోట మూడిచ్చారంటుంది. ('రవి',) అని రాయండి.

"నో సచ్ టేబుల్" వస్తే పాత్ చూడండి. ఆ పేరుతో ఫైలు లేకపోతే కనెక్ట్ కొత్తగా ఖాళీది సృష్టిస్తుంది. చదవడానికే అయితే యూఆర్ఐలో (ఫైలు అడ్రస్‌లా రాసేది) మోడ్=ఆర్ఓ, అంటే రీడ్ ఓన్లీ, ఇచ్చి తెరవండి, తప్పు పాత్ అక్కడే బయటపడుతుంది.