టూర్ డి ఫ్రాన్స్ చూస్తూ రైడర్లను తిట్టుకునేవాళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

కడపలో పిల్లలకు సైకిల్ రేసింగ్ కోచింగ్ ఇస్తుంటాను. జులై వచ్చిందంటే సాయంత్రం ప్రాక్టీసు కాస్త ముందే ముగించి అందరం టూర్ డి ఫ్రాన్స్, అంటే ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు, చూస్తాం. అక్కడ ఐదున్నరకు స్టేజీ (ఒక రోజు రేసు) అయిపోతే మనకు రాత్రి తొమ్మిది. పిల్లలతో పాటు వాళ్ళ నాన్నలు, అన్నలు కూడా వచ్చి కూర్చుంటారు. అరగంట గడవకముందే మొదలవుతుంది: "ఏంది సార్ ఇది, అందరూ గుంపుగా పోతానే ఉన్నారు, ఒక్కడు కూడా ముందుకు దూకడే!" ఏటా వినే ఆ మాటలకే ఈ జవాబులు.

అపోహ: కొండలు ఎన్ని పెడితే రేసు అంత రంజుగా ఉంటుంది.

రూట్ మ్యాప్ విడుదలయ్యే రోజున అభిమానులు ముందుగా లెక్కపెట్టేది కొండలనే. ఆఖరి వారంలో పెద్ద కొండలు వరసగా కనిపిస్తే ఇక పండగే అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. ఇటలీలో ఇలాగే మూడు వారాలు సాగే రేసు, 2023 గిరో డి ఇటాలియా తీసుకోండి. 20వ స్టేజీ మోంటే లుస్సారి కొండ మీదికి టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజీ. అంత నిటారు ఎక్కుడు చివరి శనివారం కాచుకుని ఉందని తెలిశాక, ముందు రోజుల్లో ఒంట్లో శక్తి ఎవరు తగలేసుకుంటారు? ఆ ఉదయానికి గెరైంట్ థామస్ ఆధిక్యం 26 సెకన్లు. సాయంత్రానికి ప్రిమోజ్ రోగ్లిచ్ 14 సెకన్ల తేడాతో గిరో పట్టుకుపోయాడు. అంతకు ముందు ఏడాదీ అంతే: 20వ స్టేజీ మొదలయ్యేసరికి మొదటి రెండు స్థానాల్లో ఉన్న కరపాజ్‌కూ హిండ్లీకీ మధ్య 3 సెకన్లే తేడా. మార్మొలాదా ఎక్కుడులో కానీ కథ తేలలేదు. రూట్ తేలికై రేసు చప్పగా సాగలేదు, ఆఖర్న మరీ కష్టంగా ఉండబట్టే సాగింది.

వాలు సంగతి కూడా చూడాలి. 5-6 శాతం వాలున్న కొండను వీళ్ళు గంటకు 20 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎక్కేస్తారు. ఆ వేగంలో ముందువాడి చక్రం వెనక దాక్కున్నవాడికి గాలి దెబ్బ ఇంకా తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి ఎటాక్ చేసినవాడు, అంటే గుంపును వదిలి ముందుకు దూకినవాడు, ఊరికే అలిసిపోతాడు, వెనక ఉన్నవాడు తీరిగ్గా వచ్చి కలుస్తాడు. 9-10 శాతం దాటితే వేగం పడిపోయి, ఆ చాటు పెద్దగా పనికిరాదు. గువ్వలచెరువు ఘాట్‌కు మా పిల్లలను తీసుకెళ్తే ఇది కళ్ళెదుటే కనిపిస్తుంది. వాలు తక్కువగా ఉన్నంతసేపు ఒకరి చక్రం వెనక ఒకరు అంటుకునే పోతారు. మలుపులో లోపలి వైపు రోడ్డు లేచేచోట ఒకడి భుజాలు ఊగడం మొదలవుతాయి. ముందువాడి వెనక చక్రానికీ వీడి ముందు చక్రానికీ మధ్య జానెడు సందు వస్తుంది. చూస్తుండగానే ఆ జానెడు ఐదు మీటర్లవుతుంది. ఆ తర్వాత ఎంత అరిచినా లాభం లేదు. (పాలకోవా కొట్టు దగ్గర మాత్రం అందరూ ఒకేసారి చేరతారు, అది వేరే విషయం.)

మరి 2022 టూర్‌లో గ్రానోన్ కొండ మీద, అప్పటికి రెండుసార్లు టూర్ గెలిచిన పొగాచర్ దాదాపు మూడు నిమిషాలు ఎలా పోగొట్టుకున్నాడు? కొండ ఒక్కటే కాదు. అంతకు ముందే గాలిబియే దగ్గర యుంబో-విస్మా జట్టు నుంచి రోగ్లిచ్, వింగెగార్ ఒకరి తర్వాత ఒకరు ఎటాక్ చేశారు. పొగాచర్ ఒక్కడే ఇద్దరికీ బదులిచ్చాడు. ఆ అప్పు గ్రానోన్ మీద తీర్చాల్సి వచ్చింది. ఒకే జట్టులో ఇద్దరు లీడర్లు లేకపోయుంటే అవే కొండల మీద ఆ రోజు మామూలుగానే గడిచిపోయేదని నా అభిప్రాయం.

అపోహ: చదును స్టేజీ అయితే చివరి పది నిమిషాలు చూస్తే చాలు.

ఆషాఢం గాలిలో మైదుకూరు రోడ్డు మీద సైకిల్ తొక్కినవాడు ఈ మాట అనడు. పడమటి గాలి ఎడమ పక్క నుంచి కొడుతుంటే ముందువాడికి సరిగ్గా వెనక ఉండి లాభం లేదు. కాస్త కుడికి, అతని వెనక చక్రం పక్కన మీ ముందు చక్రం పెట్టాలి. అలా ఏటవాలుగా వరస కడితే కొందరికే రోడ్డు సరిపోతుంది. తర్వాతివాడు తెల్లగీత మీదికి, ఆ పైవాడు కంకరలోకి. అక్కడ చాటూ ఉండదు, పట్టూ ఉండదు. గుంపు తెగేది అక్కడే.

2019 టూర్‌లో ఆల్బీ వెళ్ళే స్టేజీలో తిబో పినో ఇలాగే 1 నిమిషం 40 సెకన్లు పోగొట్టుకున్నాడు. 2020లో లావూర్ స్టేజీలో పొగాచర్ 1 నిమిషం 21 సెకన్లు వెనకబడ్డాడు. ఆ ఏడాది అతను టూర్ గెలిచిన తేడా 59 సెకన్లు. అందరికీ గుర్తున్నది ప్లాంష్ డే బెల్ ఫిల్ మీద జరిగిన టైమ్ ట్రయలే, కానీ గాలికి పోయిన సమయాన్ని కూడా అతను కొండల మీదే సంపాదించుకోవాల్సి వచ్చింది.

అపోహ: లీడర్ ఎటాక్ చేయకపోతే పిరికివాడు.

టెస్టు మ్యాచ్ మొదటి రోజు లంచ్‌లోపే సిక్సర్లు ఎందుకు కొట్టలేదని అడిగినట్టుంటుంది ఇది. పసుపు జెర్సీ ఏ రోజుకారోజు మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకుంటాడు, కానీ టూర్ ఎవరిదో తేలేది 21 స్టేజీల సమయం కూడి చూశాకే. 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్ ఒక్క స్టేజీ కూడా గెలవకుండానే టూర్ గెలిచారు. పొగాచర్ దొరికిన చోటల్లా దూకుతాడు, నిజమే. అందరూ అతనిలా తొక్కాలనుకోవడం అభిమానుల సరదా. మిగతావాళ్ళ కాళ్ళకు అది కుదరదు.

జట్టుకు ఎనిమిది మంది. లీడర్ కోసం గాలికి ఎదురు తొక్కేవాళ్ళు, జట్టు కారు దగ్గరికెళ్ళి జెర్సీ నిండా నీళ్ళ బాటిళ్ళు కుక్కుకుని తెచ్చేవాళ్ళు అందులోనే ఉంటారు. కొండ మొదట్లోనే వాళ్ళు రాలిపోతే, ఎంతటి లీడరైనా ఆ రోజుకు నోరు మూసుకుని కూర్చోవలసిందే. టూర్ విజేతకిచ్చే 5 లక్షల యూరోలను జట్టులో అందరూ పంచుకునే ఆనవాయితీ ఊరికే పుట్టలేదు.

అపోహ: బ్రేక్‌అవేను (గుంపును వదిలి ముందు పోయినవాళ్ళను) పట్టుకోలేకపోయారంటే గుంపుకు చేతకాలేదు.

చాలా రోజుల్లో పట్టుకోవాలనే అనుకోరు. ముందు పోయినవాళ్ళు మొత్తం లెక్కలో అరగంట వెనకున్నవాళ్ళయితే లీడర్‌కు నష్టమేమిటి? పొమ్మంటారు.

అపోహ: బైకుల్లోనే ఉంది కిటుకంతా.

ఇది నాన్నల ప్రశ్న. రేసు బైకు 6.8 కిలోల కంటే తక్కువ బరువు ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. పెద్ద జట్లన్నీ దాదాపు ఆ గీత దగ్గరే ఉంటాయి. అప్పు చేసి బైకు కొనే ముందు అబ్బాయికి సరైన కొలత ఫ్రేమ్, మంచి టైర్లు ఉన్నాయేమో చూడండి.

అపోహ: వానకు, వడగళ్ళకు రేసు ఆపితే మజా పోతుంది.

2019లో ఇజెరాన్ కొండ అవతల వడగళ్ళు, కొండచరియలు పడి రోడ్డు మూసుకుపోయింది. కొండ శిఖరం దగ్గరి సమయాలే లెక్కలోకి తీసుకున్నారు, స్టేజీ విజేతను ప్రకటించలేదు. ఈగన్ బెర్నాల్‌కు పసుపు జెర్సీ వచ్చింది ఆ రోజే. చాలామంది గొణిగారు. దిగుడులో వీళ్ళ వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది, ఒంటి మీద పలచటి జెర్సీ, తలకు హెల్మెట్, అంతే. 2023 జూన్‌లో టూర్ డి స్విస్‌లో అల్బులా కనుమ దిగుతూ పడిపోయిన జినో మేడర్ మర్నాడు చనిపోయాడు. ఆపడం మీద ఎవరైనా వాదిస్తే నేను ముందుగా చెప్పేది ఆ పేరే.

పైగా ఆపితే మజా పోతుందనేది కూడా పూర్తిగా నిజం కాదు. 2025లో పారిస్ ఆఖరి స్టేజీకి వాన కారణంగా ముగింపుకు చాలా ముందే మొత్తం సమయాన్ని ఖాయం చేసేశారు. పొగాచర్ టూర్ గెలిచినట్టే, ఇక పడితే ఒంటికి దెబ్బ తప్ప పోయేది లేదు, వచ్చేదీ లేదు. అయినా మోంమార్త్ ఎక్కుడులో పదే పదే ఎటాక్ చేశాడు. చివరిసారి ఎక్కేటప్పుడు వౌట్ వాన్ ఆర్ట్ అతన్నే వెనక్కి నెట్టి ఒంటరిగా గెలిచాడు. లెక్క తేలిపోయిందని ఛానెల్ మార్చినవాళ్ళు ఆ ఏడాది టూర్‌లోని మంచి భాగాల్లో ఒకటి చూడనే లేదు.