ఎలక్ట్రిక్, ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రీషియన్

మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రోజూ ఇంగ్లిష్ మాటల లిస్టు బట్టీ పడతాడు. వారం తిరిగేసరికి సగం గుర్తుండవు. టెన్షన్ పడుతున్నాడు. వేరే దారేమైనా ఉందా?"

ఉంది. మాట చివర చూడమనండి.

డిక్షనరీని ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పడితే ఇంగ్లిష్ వచ్చేస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని నేను మూఢనమ్మకాల్లోనే కలుపుతాను. అక్షరక్రమం మాటను వెతుక్కోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. ఆ వరుసలో పక్కపక్కన కూర్చున్న మాటలకు అర్థంలో చుట్టరికం ఉండాలని లేదు. చుట్టరికాన్ని చూపించేవి ప్రత్యయాలు. నెస్ చేరిస్తే గుణం పేరు, లెస్ చేరిస్తే లేకపోవడం, ఏబుల్ చేరిస్తే వీలు కావడం. ఈ పట్టిక ఏ గ్రామర్ పుస్తకంలోనైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ మళ్లీ రాయను. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న వేరే ఉంది. పట్టిక మొత్తం వచ్చిన పిల్లలు కూడా ఒకే ఇంటి మాటలను ఎందుకు గుర్తుపట్టలేకపోతున్నారు?

ఎలక్ట్రిక్ అన్న మాట తీసుకోండి. చివర వినిపించేది క. దానికి ఇటీ చేరితే ఎలక్ట్రిసిటీ. క పోయి స వచ్చింది. ఇయన్ చేరితే ఎలక్ట్రీషియన్. ఇప్పుడు ష. స్పెల్లింగులో మాత్రం మూడు చోట్లా ఉన్నది ఒకటే అక్షరం, సి. పాత లాటిన్‌లో ఆ అక్షరానికి క అన్న ఒక్క పలుకే ఉండేది. తర్వాతి కాలంలో ఇ, ఎ లాంటి అచ్చుల ముందు అది మెత్తబడింది. ఫ్రెంచిలో స అయింది. ఇంగ్లిష్ ఫ్రెంచి మాటలను వేలకొద్దీ తెచ్చుకున్నప్పుడు ఈ అలవాటు కూడా వెంట వచ్చింది.

మారింది హల్లు ఒక్కటే అనుకుంటే పొరపాటు. మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడాన్ని స్ట్రెస్ అంటారే, ఆ ఊనిక కూడా జరిగింది. ఎలక్ట్రిక్‌లో అది లెక్ మీద పడుతుంది. ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రీషియన్‌లలో ట్రి మీదికి వెళ్తుంది. ఇటీ, ఇక్, షన్, ఇయన్ అనే ప్రత్యయాలు ఊనికను సాధారణంగా తమకు సరిగ్గా ముందున్న అక్షరం మీదికి లాక్కుంటాయి. ఫొటోగ్రాఫ్‌లో మొదట ఉన్న ఊనిక ఫొటోగ్రాఫిక్ అనగానే గ్రా దగ్గరికి వచ్చేస్తుంది. నెస్, లెస్, ఫుల్, షిప్, హుడ్ అలా చేయవు. అవి ఇంగ్లిష్ సొంత ప్రత్యయాలు. వచ్చి చివర నిలబడతాయి, లోపలి మాట జోలికి పోవు. అందుకే హ్యాపీనెస్‌లో హ్యాపీని చిన్నపిల్లలు కూడా చూడగలరు.

ఇక అచ్చుల సంగతి. సేన్ అంటాం, సానిటీ అంటాం. డివైన్, డివినిటీ. సెరీన్, సెరెనిటీ. ఇటీ చేరి మాట పొడవయ్యేసరికి దాని ముందున్న దీర్ఘాచ్చు పొట్టిదైంది. ఆ తర్వాత, సుమారు 1400 నుంచి 1700 వరకు, ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ ఒక్కో మెట్టు కదిలాయి. డివైన్‌లో ఒకప్పుడు ఈ అని పలికిన అచ్చు ఐ అయింది. సెరీన్‌లో ఏ ఉన్నచోట ఈ వచ్చింది. పొట్టివైపోయిన అచ్చులకు ఈ కదలిక తగల్లేదు. అలా ఒక తల్లి పిల్లలే వేరే వేరే గొంతులతో మిగిలారు. తర్వాత చేరిన మాటలకు ఈ లెక్క వర్తించకపోవచ్చు. మన క్లినిక్కుల బోర్డుల మీద కనిపించే ఒబీసిటీలో ఒబీస్‌లోని దీర్ఘం చెక్కుచెదరలేదు.

ఇదంతా మనకు కొత్త అనుకోకండి. పులి, పులులు. నది, నదులు. మనిషి, మనుషులు. బహువచనం లు చేరగానే దానిలోని ఉకారం వెనక్కి వెళ్లి ముందున్న పొట్టి ఇకారాన్ని తనలాగా మార్చుకుంది. మనుషులులో రెండు అక్షరాలు వెనక్కి పాకింది! దీర్ఘం ఉంటే ఆ పని చేయలేదు, లారీ లారీలే అవుతుంది. పిల్లికి, కుక్కకు అన్నప్పుడు ఎదురు దిశలో జరుగుతుంది. అక్కడ మాటే ప్రత్యయాన్ని మారుస్తుంది. మనిషి, మనుషులు రెండు వేరే మాటలని తెలుగు పిల్లలెవరూ అనుకోరు. ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి మార్పే జరుగుతుందని ఒక్క క్లాసులో చెప్పగలిగితే ఎంత బాగుండు!

ఎందుకంటే ఇది దానంతటదే రాదు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకు వగ్ అనే లేని పిట్ట బొమ్మ చూపించి, రెండుంటే ఏమంటారని అడిగారు. ఎక్కువమంది వగ్స్ అని చెప్పారు. జిబ్ అనే పని చేసేవాణ్ణి ఏమంటారంటే పెద్దలు జిబ్బర్ అన్నారు. పిల్లల్లో ఆ జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లకే కొత్త మాట కట్టే ప్రత్యయం ఆలస్యంగా పట్టుబడుతుందన్నమాట.

అందుకే ఇంటర్ పిల్లలకు నా సలహా: మాటలను ఒక్కొక్కటిగా రాసుకోవద్దు, కుటుంబాలుగా రాసుకోండి. బిగ్గరగా చదవండి, ఊనిక ఎక్కడికి జరిగిందో చెవికి తెలియాలి. నేషన్ నామవాచకం, నేషనల్ విశేషణం, నేషనలైజ్ క్రియ, నేషనలైజేషన్ మళ్లీ నామవాచకం. ఎన్ని ప్రత్యయాలు పేర్చినా మాట ఏ జాతిదో చెప్పేది చివరిదే. తెలియని మాట ఎదురైనప్పుడు ముందు చివరిది విప్పండి.

విప్పాక మిగిలింది మాటేనా అని చూసుకోవాలి. కార్నర్‌లో చివర అర్ ఉందని అది పని చేసేవాడు కాడు. హార్నెస్‌లోంచి నెస్ తీస్తే మిగిలిన హార్ మాటే కాదు. బిజినెస్‌లో మాత్రం నిజంగానే బిజీ ఉంది, దానికి నెస్ చేరే ఆ మాట పుట్టింది. వందల ఏళ్ల వాడకంలో అరిగి అర్థం వ్యాపారం వైపు వెళ్లిపోయింది. దాంతో తీరిక లేకపోవడాన్ని చెప్పడానికి ఇంగ్లిష్ వాళ్లు అవే రెండు ముక్కలను మళ్లీ కలిపి బిజీనెస్ అని ఇంకో మాట కట్టుకున్నారు.