బొటనవేలి కదలికలో కుంగుబాటు ఆచూకీ

వరంగల్ ఎంజీఎం చౌరస్తా చుట్టుపక్కల ల్యాబుల్లో ఉదయం పూట జనం కిటకిటలాడుతుంటారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చినవాళ్ల చేతుల్లో కవర్లు, ఆ కవర్లలో రిపోర్టులు. ప్లేట్‌లెట్లు ఎన్ని, చక్కెర ఎంత, థైరాయిడ్ ఎంత అన్న అంకె కనిపిస్తే గానీ మనకు జబ్బు మీద నమ్మకం కుదరదు. ఇంటర్ చదివే కూతురిని మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకొచ్చిన తల్లి మొదట అడిగేదీ అదే: "ఏ పరీక్షలో తేలింది సార్ ఇది?"

ఏ పరీక్షలోనూ తేలదు. థైరాయిడ్, రక్తహీనత లాంటి వేరే కారణాలు లేవని నిర్ధారించుకోవడానికి డాక్టరు రక్తపరీక్షలు రాయవచ్చు. కుంగుబాటును, అంటే డిప్రెషన్‌ను మాత్రం ఆ అమ్మాయితో మాట్లాడి, నిద్ర, ఆకలి, ఆసక్తి, బతుకు మీద ఆశ ఎలా ఉన్నాయో అడిగి గుర్తిస్తారు. తల్లి రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది: "ఈ మందు మా పిల్లకు పనిచేస్తుందా?"

టీనేజీ పిల్లల కుంగుబాటుకు సాధారణంగా మొదట రాసే మందు ఫ్లూఆక్సెటిన్. దాని గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల వయసున్న 439 మంది మీద జరిపిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. పన్నెండు వారాల తర్వాత చూస్తే, మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో దాదాపు 61 శాతం మంది మెరుగుపడ్డారు. మాత్రలతో పాటు ఆలోచనల తీరును సరిదిద్దే కౌన్సెలింగ్ కూడా తీసుకున్నవాళ్లలో 71 శాతం. మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లలో కూడా 35 శాతం మంది కోలుకున్నారు. ఈ చివరి అంకెతో మనకు తర్వాత పని ఉంది.

మాత్రలు మాత్రమే వాడిన ప్రతి పదిమందిలో నలుగురికి ఆ పన్నెండు వారాలూ అక్కరకు రాలేదన్నమాట. సంక్రాంతి సెలవుల తర్వాత మందు మొదలుపెట్టిన ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థికి పన్నెండు వారాలు గడిచేసరికి పబ్లిక్ పరీక్షలే అయిపోతాయి. ఏ మందు ఎవరికి పడుతుందో ముందే చెప్పగల కొలత ఒకటి కావాలని పరిశోధకులు అందుకే ఇంతగా వెతుకుతున్నారు. అలాంటి వెతుకులాటల్లో ఒకటి చేతి బొటనవేలి దగ్గర మొదలవుతుంది.

మారుతున్న అయస్కాంత క్షేత్రం పక్కనున్న వాహకంలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపించాడు. ఆ సూత్రంతోనే 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం పుర్రె తెరవకుండా, నొప్పి లేకుండా మనిషి మెదడును ప్రేరేపించింది. ఈ పద్ధతి పేరు ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. క్లుప్తంగా టీఎంఎస్ అంటారు.

పరీక్ష జరిగే తీరు చూడదగ్గది. పిల్లవాడు కుర్చీలో చెయ్యి వదులుగా పెట్టుకుని కూర్చుంటాడు. చెవుల్లో శబ్దం తగ్గించే బిళ్లలు ఉంటాయి. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద చిన్న ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న తీగచుట్టను తలకు ఎడమవైపు, చేతిని కదిలించే మెదడు భాగం మీద ఆనిస్తారు. మీట నొక్కగానే 'టక్' మని శబ్దం. తీగచుట్టలో మిల్లీసెకను కన్నా తక్కువ సేపు వేల ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. తీగచుట్ట కింద రెండు, మూడు సెంటీమీటర్ల లోతులోని నాడీకణాలు ఉత్తేజితమవుతాయి. సుమారు 20 మిల్లీసెకన్లలో ఆ సంకేతం వెన్నుపాము మీదుగా చేతికి చేరి బొటనవేలు తనంతట తానే చిన్నగా ఎగురుతుంది. కంప్యూటర్ తెర మీద ఒక అల కనిపిస్తుంది. పదిసార్లు ప్రేరేపిస్తే కనీసం ఐదుసార్లు 50 మైక్రోవోల్టుల అల రావడానికి సరిపోయే అతి తక్కువ శక్తిని ఆ మనిషి కదలిక ప్రవేశస్థాయిగా లెక్కిస్తారు.

ఇలాంటి ఒక్క అయస్కాంత దెబ్బతో తెలిసేది ఇంతే. అసలు సమాచారం జంట దెబ్బల్లో ఉంది. పాకాల చెరువు తూము దగ్గర నీటిని వదిలే చెయ్యి, ఆపే చెయ్యి రెండూ ఉన్నట్టే మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం సంకేతాన్ని ముందుకు వదులుతుంది, గాబా అనే రసాయనం ఆపుతుంది. మొదట బలహీనమైన దెబ్బ, తర్వాత 10 లేదా 15 మిల్లీసెకన్లకు బలమైన దెబ్బ ఇస్తే బొటనవేలి అల మామూలుకన్నా పెద్దదవుతుంది. ఇది గ్లూటమేట్ పని అని భావిస్తారు. రెండూ బలమైన దెబ్బలే అయి, మధ్యలో 100 నుంచి 200 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటే రెండో అల చిన్నదవుతుంది. ఇది గాబా పని. అలల ఎత్తులను పోల్చితే వదిలే శక్తి ఎంత, ఆపే శక్తి ఎంత అన్నది పరోక్షంగా అందుతుంది.

అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన పాల్ క్రోర్కిన్ బృందం ఈ కొలతలను పిల్లల కుంగుబాటుకు అన్వయించింది. 2013లో 24 మంది కుంగుబాటు ఉన్న పిల్లలను 22 మంది ఆరోగ్యవంతులైన పిల్లలతో పోల్చితే, కుంగుబాటు ఉన్నవాళ్లలో వదిలే శక్తి ఎక్కువగా కనిపించింది. 2014లో వచ్చిన మరో చిన్న అధ్యయనం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టకముందే పిల్లలకు జంట దెబ్బల పరీక్ష చేశారు. తర్వాత మందు పనిచేయని పిల్లల్లో, ఆపే శక్తి మొదటినుంచే బలహీనంగా ఉన్నట్టు తేలింది. మాత్ర నోట్లో వేసుకోకముందే ఫలితం ఆచూకీ బొటనవేలిలో దొరికిందన్నమాట.

ఇది చదివి మన ఊళ్లో కూడా ఈ పరీక్ష చేయించాలని ఎవరికైనా అనిపిస్తే, కాస్త ఆగమంటాను. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే. రెండు గుంపుల సగటులో తేడా ఉన్నా, విడివిడిగా చూస్తే అంకెలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీ అబ్బాయి అంకె ఏ గుంపుదో చెప్పలేం. పైగా టీనేజీ మెదడు నిలకడగా ఉండే వస్తువు కాదు. చిన్నపిల్లల్లో ప్రవేశస్థాయి ఎక్కువగా ఉండి, వయసు పెరిగేకొద్దీ పెద్దవాళ్ల స్థాయికి దిగుతుంది. పదమూడేళ్ల పిల్లను పదిహేడేళ్ల పిల్లతో పోల్చేటప్పుడు కుంగుబాటు తేడా ఎంత, ఎదుగుదల తేడా ఎంత అని విడదీయాలి.

నిద్ర సంగతి మరీ ముఖ్యం. మేలుకుని ఉన్న సమయం పెరిగేకొద్దీ మెదడు ప్రేరణకు స్పందించే తీరు మారుతుందని టీఎంఎస్ కొలతల్లోనే తేలింది. తెల్లవారుజామునే లేచి, రాత్రి స్టడీ అవర్ ముగిశాక పడుకునే హన్మకొండ హాస్టల్ విద్యార్థి మీద ఈ పరీక్ష చేస్తే, మనం కొలిచింది కుంగుబాటునా, నిద్రలేమినా? ఎక్కడో చల్లని దేశంలో హాయిగా నిద్రపోయి వచ్చిన పిల్లల సగటును తెచ్చి మన పిల్లల పక్కన పెట్టడం న్యాయం కాదు. ఇక్కడి పిల్లల మామూలు విలువలు ముందు ఇక్కడే కొలవాలి.

ఇక ఆ 35 శాతం మాట. ఉత్తుత్తి మాత్రతోనే మూడోవంతు మంది కోలుకున్నారు కదా. టీఎంఎస్‌ను పరీక్షగా కాక చికిత్సగా వాడి చూసిన 2021 నాటి ట్రయల్‌లోనూ ఇదే జరిగింది. 12 నుంచి 21 ఏళ్ల వయసున్న 103 మందిలో నిజమైన చికిత్స పొందినవాళ్లలో 41.7 శాతం, చికిత్సలా నటించిన యంత్రం కింద కూర్చున్నవాళ్లలో 36.4 శాతం మెరుగుపడ్డారు. ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది. చికిత్స పొందినవాళ్ల రికార్డుల ఆధారంగా 2024లో అమెరికా 15 ఏళ్లు దాటిన టీనేజర్లకు దీన్ని అనుమతించింది. చర్చ మాత్రం ముగియలేదు.

కాబట్టి ఒక సూచికను నమ్మాలంటే, అది కోలుకునేవాళ్లను గుర్తిస్తే చాలదు. మందు వల్ల కోలుకునేవాళ్లెవరో, కాలం గడిచి, ఎవరో ఒకరు వారం వారం శ్రద్ధగా పలకరించడం వల్ల కోలుకునేవాళ్లెవరో వేరుచేసి చూపాలి. అందుకు నిజమైన మందు తీసుకునే గుంపును, ఉత్తుత్తి మందు తీసుకునే గుంపును రెండింటినీ ముందే కొలిచి, పెద్ద సంఖ్యలో పరీక్షించాలి. బొటనవేలితో ఆగకుండా, మనోభావాలతో నేరుగా సంబంధమున్న నుదుటి వెనుక భాగాన్ని ప్రేరేపించి దాని స్పందనను ఈఈజీతో, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను పట్టే పరీక్షతో నమోదు చేసే పద్ధతి కూడా ఇప్పుడు వచ్చింది. నా ఆశ ఎక్కువగా దాని మీదే.

ఈలోగా ఎవరైనా యంత్రం చూపించి మీ పిల్లకు ఏ మందు పడుతుందో తేల్చి చెబుతామని డబ్బు అడిగితే ఇవ్వకండి. మందు మొదలైన తొలి వారాల్లో కొందరు పిల్లల్లో ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. 2004 నుంచి కుంగుబాటు మందుల మీద అమెరికాలో ఆ హెచ్చరిక ముద్రిస్తున్నారు. అలాగని భయపడి మందు మధ్యలో మానిపించకూడదు. తొలి నెలలో వారానికోసారైనా డాక్టరును కలవాలి. బిడ్డ హాస్టల్లో ఉంటే ఆ కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోవడం మంచిది. రాత్రివేళ కంగారు పుడితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.