మండేలా: మనం నమ్మేవి, అసలు జరిగినవి

గ్రూప్స్ అభ్యర్థులకు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష చాప్టర్ మొదలుపెట్టేసరికే క్లాసులో సగం మందికి మండేలా తెలుసు, చిక్కంతా అక్కడే. వాళ్లకు తెలిసింది పూల చొక్కా వేసుకుని, అందరినీ క్షమించేసి, నవ్వుతూ కనిపించే తాతగారు. ఆ తాతగారు అబద్ధం కాదు గానీ ఆయన 1990 తర్వాతి మనిషి. అంతకుముందు ఆయన లాయరు, ఉద్యమ నిర్వాహకుడు, కొన్నాళ్లు అజ్ఞాతంలో తిరిగిన సాయుధ దళ నాయకుడు. ఏ సమయానికి ఏ పద్ధతి పనికొస్తుందో లెక్కేసుకుని నడిచిన రాజకీయ నాయకుడు. ఇది పక్కనపెడితే మిగతా కథ పరీక్షకు బట్టీ పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అపోహ: మండేలా అంటే ఆఫ్రికా గాంధీ, ఆయుధం జోలికే పోలేదు

అందరూ అడిగేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గాంధీ ప్రభావం ఉన్నమాట నిజం. 1946లో అక్కడి భారతీయులు భూమి హక్కులపై ఆంక్షలు పెట్టిన చట్టాన్ని ధిక్కరించి జైళ్లకు పోవడం యువ మండేలా దగ్గరగా చూశాడు. 1952 ధిక్కార ఉద్యమంలో వాలంటీర్లకు నాయకత్వం వహించింది ఆయనే, 8,000 మందికి పైగా అరెస్టయ్యారు, అంతా శాంతియుతంగానే. కానీ అహింస ఆయనకు వ్రతం కాదు, ఒక ఎత్తుగడ, పనిచేసినంతకాలం వాడదాం అన్న ధోరణి.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు (నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవాలనే చట్టాలు) వ్యతిరేకంగా గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. మరుసటి నెలలోనే మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను నిషేధించారు. ఆ తర్వాత సాయుధ పోరాటం మొదలుపెట్టక తప్పదని పార్టీలో వాదించి ఒప్పించిన వాళ్లలో మండేలా ముందున్నాడు. విచిత్రం ఏమిటంటే పార్టీ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుథులి 1961 డిసెంబరులో ఓస్లో వెళ్లి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వారం తిరక్కుండానే, డిసెంబర్ 16న, ఉంఖోంటో వి సిజ్వే అనే సాయుధ విభాగం తొలి బాంబులు పేల్చింది. ప్రాణనష్టం లేకుండా విద్యుత్ కేంద్రాలు, ప్రభుత్వ ఆఫీసుల్లాంటి వాటిని దెబ్బతీయాలన్నది అప్పటి ప్లాన్. 1962లో మండేలా రహస్యంగా దేశం దాటి ఇథియోపియాలో సైనిక శిక్షణ కూడా తీసుకున్నాడు. తిరిగొచ్చాక ఆగస్టు 5న, డ్రైవర్ వేషంలో ఉండగా హోవిక్ దగ్గర దొరికిపోయాడు.

ఆయనపై, తోటి నాయకులపై విధ్వంసం ఆరోపణలతో నడిచిన రివోనియా కేసులో 1964 ఏప్రిల్ 20న బోనులో నిలబడి మాట్లాడినప్పుడు విధ్వంసానికి ప్లాన్ వేశానని ఆయన దాచిపెట్టలేదు, ఎందుకు వేయాల్సొచ్చిందో చెప్పాడు. అందుకే ఆ తర్వాత మానవహక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయన్ను 'మనస్సాక్షి ఖైదీ'గా (హింస జోలికి పోకుండా, నమ్మకాల కోసం జైలుపాలైనవాడిగా) పరిగణించలేదు. 1985లో అధ్యక్షుడు బోథా, హింసను వదులుకుంటానంటే విడిచిపెడతానన్నాడు. మండేలా ఒప్పుకోలేదు, ఆ జవాబును కూతురు జిండ్జి సొవేటోలోని స్టేడియంలో చదివి వినిపించింది. అమెరికా ఉగ్రవాద నిఘా జాబితా నుంచి ఆయన పేరు తీసేసింది 2008లో! అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు నిండబోతున్నాయి.

అపోహ: వర్ణవివక్ష అంటే తెల్లవాళ్లు ఒకవైపు, మిగతా అందరూ ఒకవైపు

అంత సింపుల్‌గా ఉంటే అది అన్నేళ్లు నిలిచేది కాదు. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది, అదే ఏడాది వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఆ ముద్రను బట్టి ఎవరు ఎక్కడ ఉండాలో తేల్చింది. కింద ఉన్నవాళ్లలో మళ్లీ మెట్లు కట్టారు, ఒక మెట్టు పైనున్నవాడు కిందివాడితో కలవకూడదని. కులం చూసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

రాబెన్ దీవి జైల్లో ఆ మెట్లు ఎలా ఉండేవో చూడండి. మండేలాతో పాటే యావజ్జీవం పడిన అహ్మద్ కథ్రాడా భారత సంతతివాడు, ఆ కేసులో ఈ దీవికి పంపినవాళ్లలో అందరికన్నా చిన్నవాడు. ఒకే కేసు, ఒకే శిక్ష. కానీ కథ్రాడాకు పొడుగు ప్యాంటు ఇచ్చారు, మండేలాకు, అదే కేసులో శిక్షపడిన వాల్టర్ సిసులుకు నిక్కర్లు. నల్లజాతి మగవాడు ఎంత పెద్దవాడైనా 'బాయ్' కాబట్టి. రాత్రి భోజనంలో భారతీయులకు, మిశ్రమజాతి వాళ్లకు పావు రొట్టె, ఆఫ్రికన్లకు రొట్టే లేదు, అది యూరోపియన్ల తిండి కదా, వాళ్లకు నచ్చదని సర్కారు వారి అభిప్రాయం. చక్కెర కూడా తక్కువే.

మనవాళ్లూ ఈ కథలో ఉన్నారు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు మద్రాసు రేవు మీదుగా వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వారసులు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద డర్బన్‌లో భారతీయ కుటుంబాలను పాత ఇళ్ల నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ లాంటి చోట్లకు తోలేసినప్పుడు తెలుగిళ్లకూ అదే గతి పట్టింది.

అపోహ: 27 ఏళ్ల జైలు జీవితమంతా రాబెన్ దీవిలోనే

అక్కడ ఉన్నది సుమారు 18 ఏళ్లు. 1982లో పోల్స్‌మూర్ జైలుకు మార్చారు, 1988 చివర్లో విక్టర్ వెర్స్టర్‌కు, అదీ జైలు ఆవరణలోని ఇంటికి. ఈత కొలను, వంటవాడు కూడా ఉన్న ఆ ఇల్లు ప్రభుత్వం దయతో ఇచ్చింది కాదు. అప్పటికే ప్రభుత్వంతో ఆయన చర్చలు నడుస్తున్నాయి.

అపోహ: ఆయన జైలు నుంచి బయటికొచ్చాడు, వర్ణవివక్ష పోయింది

1985లోనే మండేలా జైలు నుంచి న్యాయమంత్రి కోబీ కూట్సీతో మాటలు కలిపాడు, తోటి నాయకులను ముందుగా అడగకుండా. అడిగితే వద్దంటారని తెలుసు. బయట సమ్మెలు, ఆంక్షలు, కట్టలేని విదేశీ అప్పులు ప్రభుత్వం మెడకు చుట్టుకుంటున్నాయి. 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యాక కూడా ఎన్నికలకు నాలుగేళ్లు పట్టింది, ఆ నాలుగేళ్లలో వేలమంది చనిపోయారు. 1993 ఏప్రిల్ 10న నల్లజాతి యువతలో బాగా పేరున్న కమ్యూనిస్టు నాయకుడు క్రిస్ హానిని పోలండ్ నుంచి వలస వచ్చిన ఒక తెల్లవాడు కాల్చి చంపినప్పుడు దేశం అంటుకునేదే. టీవీలో మాట్లాడింది అధ్యక్షుడు డి క్లెర్క్ కాదు, ప్రభుత్వంలో ఏ పదవీ లేని మండేలా. చంపింది తెల్లవాడే, కానీ ప్రాణాలకు తెగించి హంతకుణ్ని పట్టిచ్చింది కూడా ఒక తెల్ల మహిళేనని గుర్తుచేశాడు. అప్పటిదాకా నానుతూ వచ్చిన ఎన్నికల తేదీ రెండు నెలల్లో ఖాయమైంది: 1994 ఏప్రిల్ 27.

'అందరినీ క్షమించేశాడు' అన్నది కూడా సగమే

వర్ణవివక్ష కాలపు అకృత్యాలను విచారించడానికి ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు నడిపిన సత్యశోధన, సయోధ్య కమిషన్ ముందు తాము చేసింది పూర్తిగా ఒప్పుకుని, అది రాజకీయ కారణంతో చేశామని నిరూపించుకున్న వాళ్లకే క్షమాభిక్ష. 7,112 దరఖాస్తులొస్తే మంజూరైనవి 849.

వాట్సాప్ వీరులకు ఒక మాట. 'మన అతిపెద్ద భయం మనం చేతకానివాళ్లమని కాదు' అంటూ మండేలా ప్రమాణస్వీకార ప్రసంగంలోదని తిరిగే కొటేషన్ ఆయనది కాదు, అంతకు రెండేళ్ల ముందే ఒక అమెరికన్ రచయిత్రి రాసుకున్నది. ఇక అభ్యర్థులకు: భారతరత్న అందుకున్న తొలి విదేశీయుడు మండేలా అని రాస్తే మార్కు పోతుంది. 1987లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు ఇచ్చారు. మండేలాకు 1990లో.