బాడుగ బండి బ్యాటరీకి మారడం: బెజవాడ నేపథ్యం

విజయవాడలో బాడుగ బండ్లు ఇంధనం మార్చుకోవడం ఇది మొదటిసారి కాదు. ప్రభుత్వ రంగ సంస్థలు గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ హైదరాబాదుతో పాటు ఇక్కడా సీఎన్‌జీ బంకులు తెరిచింది. ఢిల్లీ టాక్సీలు, ఆటోలు సుప్రీంకోర్టు ఆదేశంతో గ్యాస్‌కు మారాయి. బెజవాడ డ్రైవర్లను అటు తిప్పింది మాత్రం రోజువారీ లెక్కే. కిలోమీటరుకు అయ్యే ఖర్చు తగ్గితే ఎవరూ చెప్పనక్కరలేదు.

బ్యాటరీ బండ్ల విషయంలో ఆ వరుస తిరగబడింది. ముందు లక్ష్యాలు వచ్చాయి. 2024 నాటికి పది లక్షల విద్యుత్ వాహనాలు రోడ్డెక్కాలని 2018లో రాష్ట్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. అదే ఏడాది కేంద్రం ఛార్జింగ్ కేంద్రాలకు లైసెన్సు అక్కర్లేదంది, బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ మినహాయించింది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి కాలుష్యం తగ్గించాల్సిన నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి.

అప్పటికే నాగపూర్ అనుభవం కళ్ల ముందుంది. 2017 మేలో అక్కడ 200 వాహనాలతో విద్యుత్ టాక్సీలు మొదలయ్యాయి. ఛార్జింగ్ కోసం గంటల తరబడి వరుసలో నిలబడాల్సి రావడంతో, ఏడాది తిరగకముందే చాలామంది డ్రైవర్లు డీజిల్ కార్లే నయమన్నారు. నిలబడిన గంట బాడుగ పోయిన గంట. బెజవాడ టాక్సీకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది గన్నవరం విమానాశ్రయంతో ఆగదు. పొద్దున హైదరాబాదు వెళ్లి రాత్రికి తిరిగి రావాలంటే 550 కిలోమీటర్ల దాకా నడవాలి. దారిలో నమ్మకమైన ఛార్జింగ్ లేకపోతే ఆ బేరం వదులుకోవాల్సిందే.

రాయితీల్లోనూ టాక్సీ వెనకబడింది. విద్యుత్ వాహనాల కొనుగోలుకు కేంద్రం 2019లో తెచ్చిన ఫేమ్-2 పథకం సొంత కార్లను పక్కనపెట్టి బాడుగ కార్లకే రాయితీ ఇచ్చింది. అది సరైన ఆలోచన, రోజంతా తిరిగే బండి మారితేనే పొగ తగ్గుతుంది. 2024 అక్టోబరులో దాని స్థానంలోకి వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ మూడు చక్రాల బండ్లకు రాయితీ ఇచ్చి, కార్లను పూర్తిగా వదిలేసింది. ఈ నిర్ణయాన్ని సమర్థించడం నాకు సాధ్యం కావడం లేదు. (ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండించి తీసిన కరెంటుతో లాభమేమిటనే ప్రశ్న ఉంది. అయినా బందరు రోడ్డు మీద నడిచేవారి ముఖానికి తగిలే పొగ తగ్గడం చిన్న మేలు కాదు.)

ఆటోలకు రాయితీ దక్కినా వాటి పరిస్థితీ సులువుగా లేదు. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు మొదలయ్యాక బేరాలు తగ్గాయని డ్రైవర్లు ఆందోళనకు దిగారు. అక్టోబరులో ప్రభుత్వం ఒక్కొక్కరికి 15,000 రూపాయల సాయం ప్రారంభించింది. ఆ డబ్బు కొత్త బండి వాయిదాలకు ఎన్ని నెలలు వస్తుంది? పైగా పాత బ్యాటరీ బండి తిరిగి అమ్మితే ఎంతొస్తుందో తెలియక ఫైనాన్స్ ఇచ్చేవారు వడ్డీ ఎక్కువ అడుగుతారు. ఆ నష్టభయంలో ప్రభుత్వం వాటా తీసుకోనంత కాలం, స్టాండులోని డ్రైవరు గ్యాస్ బండినే నడుపుకుంటాడు.