టక్కుమన్నా పట్టుకోని బెల్టు

సీటు బెల్టు బకిల్‌లోకి దూరి టక్కుమంటే చాలు, ఇక దాని సంగతి మర్చిపోతాం. ఆ చప్పుడు మీద మనకు అంత నమ్మకం. 1995 మేలో అమెరికాలో 80 లక్షలకు పైగా కార్లను బాగుచేయడానికి వెనక్కి పిలవాల్సి (రీకాల్ చేయాల్సి) వచ్చిందంటే, ఆ చప్పుడుని నమ్మడానికి వీల్లేకపోవడం వల్లే.

ఆ బెల్టులు జపాన్ కంపెనీ తకాటావి. 1933లో నేత పనితో మొదలై, యుద్ధకాలంలో పారాచూట్ తాళ్లు చేసి, 1960లో సీటు బెల్టుల్లోకి దిగిన సంస్థ అది. లోపం పట్టీలో లేదు, బకిల్ మీది ఎర్ర బటన్‌లో ఉంది. అద్దాల్లోంచి ఏళ్ల తరబడి ఎండ పడి, ఆ ప్లాస్టిక్ పెళుసెక్కింది. చిన్న చిన్న ముక్కలు విరిగి బకిల్ లోపల పడ్డాయి. దాంతో కొన్ని బెల్టులు అసలు పట్టుకోలేదు. కొన్ని పట్టుకున్నట్టే కనిపించి, తీరా గుద్దుకున్నప్పుడు ఊడిపోయే ప్రమాదం ఏర్పడింది. నాకు భయం వేసేది ఈ రెండో రకం గురించే. బెల్టు పట్టుకోకపోతే మనిషికి తెలుస్తుంది, జాగ్రత్త పడతాడు. పట్టుకున్నట్టు కనిపిస్తే ఏం తెలుస్తుంది?

హోండా, నిస్సాన్, మాజ్డా సహా చాలా కంపెనీల 1986–1991 మోడళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్లను కదిలించడానికి అక్కడ చట్టం ఉంది. లోపం ఉంటే యజమానికి చెప్పాలని 1966లోనే రాసుకున్నారు, ఉచితంగా బాగుచేయాలని 1974లో చేర్చారు.

మన దగ్గర అలాంటి చట్టం రావడానికి చాలా కాలం పట్టింది. 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది. అంటే పిలవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ వచ్చాకే వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంటుంది. అయితే ఇవి ఏడేళ్ల లోపు వాహనాలకే. తకాటా బటన్లు విరిగింది ఏళ్లు గడిచాక. 1995 నాటికి 1986 మోడల్ కారుకు ఎనిమిదేళ్లు దాటాయి, మన లెక్కలో అది పరిధిలోకే రాదు. రామగుండం, రెంటచింతల ఎండల్లో నిలబడే కార్లకు ఏడేళ్ల గీత గీయడం నాకు సబబుగా అనిపించదు.

2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో, వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తున్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయాక, వెనక బెల్టు గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ డిసెంబర్‌లో మారుతి 9,125 కార్లను వెనక్కి పిలిచింది. ముందు సీటు బెల్టును భుజం ఎత్తుకు సర్దే భాగంలో లోపం. మర్నెల 11,177 గ్రాండ్ విటారా కార్లను పిలిచింది, ఈసారి వెనక సీటు బెల్టు బిగించే బ్రాకెట్లు వదులయ్యే అవకాశం ఉందని. భాగాలు మార్చినందుకు డబ్బు తీసుకోలేదు.

కానీ కబురు అందాలిగా. కంపెనీ దగ్గర ఉండేది సాధారణంగా మొదట కొన్నవాళ్ల ఫోన్ నంబరే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆర్‌సీ మీది ఛాసిస్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవాలి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగాలి. రెండు నిమిషాల పని.