యొరూబా డోలు మాట ఎలా పలుకుతుంది?

నైరుతి నైజీరియాలోనూ పక్కనున్న బెనిన్‌లోనూ ఉండే యొరూబా వాళ్ల డోలు పేరు దుందున్. దాన్ని లోకమంతా ‘మాట్లాడే డోలు’ అంటుంది. వినగానే ఇదేదో కవుల వర్ణనలే అనిపిస్తుంది. కానే కాదు. పెళ్లికి వచ్చిన పెద్దమనిషిని డోలుతోనే పేరు పెట్టి పిలుస్తారు, ఆయన వంశాన్ని పొగుడుతారు, సందర్భానికి తగ్గ సామెత వేస్తారు. అర్థమైన పెద్దమనిషి పొంగిపోయి జేబులోంచి నోట్లు తీసి ఇస్తాడు.

ఇందులో కీలకం డోలు కాదు, భాష. యొరూబాలో ప్రతి అక్షరానికీ ఒక స్వరస్థాయి ఉంటుంది: కింది, మధ్య, పై. బడిలో పిల్లలకు వీటిని పాశ్చాత్య సంగీతపు స్వరాల పేర్లతో దొ, రె, మి అని నేర్పుతారు. తెలుగులో ‘చెట్టు’ అని ఏ గొంతుతో పలికినా చెట్టే. అక్కడ ‘ఒకొ’ అనే మాటను రెండక్షరాలూ మధ్యస్థాయిలో పలికితే భర్త. రెండో అక్షరాన్ని పైకి లేపితే పార. దాన్నే కిందికి దించితే బండి. రెండూ కిందే ఉంటే ఈటె. డోలు హల్లుల్ని పలకలేదు, నిజమే. కానీ ఈ ఎత్తుపల్లాలను, మాట నడకను ఉన్నదున్నట్టు పలకగలదు.

డోలు మొండెం ఒకే చెక్కను తొలిచి చేస్తారు. రెండు వైపులా వెడల్పు, నడుము దగ్గర సన్నం, అచ్చం డమరుకం ఆకారం. ఎక్కువగా వాడేది ‘ఒమొ’ అనే చెట్టు. మన ఊళ్లలో కనిపించే బంక నక్కెర చెట్టుకు అది దగ్గరి చుట్టం, రెండూ కార్డియా జాతివే. రెండు మూతులకూ పల్చటి మేకతోలు మూసి, ఒక అంచు నుంచి రెండో అంచుకు సన్నటి తోలు వారులు దగ్గరదగ్గరగా లాగి కడతారు. ఆ వారులను నొక్కితే అవి నడుము వైపు వంగుతాయి, రెండు తోళ్లూ ఒకేసారి బిగుసుకుంటాయి. వదిలేస్తే సడలుతాయి. మిగతా కొలతలు మారకుండా బిగువు నాలుగు రెట్లయితే పొర కంపనాలు రెట్టింపవుతాయి, అంటే స్వరం షడ్జం నుంచి పై షడ్జానికి వెళ్తుంది. ఈ లెక్కను వాద్యకారుడు కాగితం మీద కాదు, చేతి కండరాల్లో నేర్చుకుంటాడు. ఈ డోళ్లలో చిన్నదైన గాంగాన్‌ను చంకలో పెట్టుకుని మోచేతితో నొక్కుతాడు. పెద్దదైన ఇయా ఇలును భుజానికి తగిలించుకుని ఎడమచేత్తో వారులు పట్టుకుంటాడు. కుడిచేతిలో కొంకిలా వంగిన కర్ర ఉంటుంది. కొట్టాక మోత ఇంకా వినిపిస్తుండగానే బిగువు మారిస్తే స్వరం జారుతుంది. యొరూబా మాటలో కూడా పైస్థాయి వెంట కిందిస్థాయి వస్తే గొంతు అలాగే జారుతుంది.

దీన్ని చుక్కలూ గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్‌తో పోల్చేవాళ్లున్నారు. ఆ పోలిక ఈ విద్యకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. మోర్స్‌లో ఏ చుక్క ఏ అక్షరమో మనుషులు ముందుగా అనుకుని పెట్టుకున్నారు. ఇక్కడ అలాంటి ఒప్పందమేమీ లేదు. నోట్లో ఉన్న స్వరమే తోలు మీదికి వస్తోంది. సిసీలియా దురోజయే అనే పరిశోధకురాలి బృందం నోటి మాటనూ డోలు మాటనూ రికార్డు చేసి పోల్చింది. 2021లో వచ్చిన ఆ అధ్యయనంలో స్వరం, బిగ్గరతనం, కాలం మూడింటిలోనూ డోలు నోటి మాటను దగ్గరగా అనుసరించింది.

అసలు చిక్కు మరోచోట ఉంది. హల్లులు పోయాక ఒకే స్వరాల వరస బోలెడు మాటలకు సరిపోతుంది. అందుకే డోలు విడి మాటలు వాయించదు. అందరి నోళ్లలో నానిన సామెతలు, ‘ఒరికి’ అనే వంశస్తుతులు, పొడుగాటి నానుడులు వాయిస్తుంది. వాక్యం పొడుగయ్యే కొద్దీ వేరే అర్థానికి చోటు తగ్గుతుంది. అయినా రెండర్థాలు మిగులుతూనే ఉంటాయి, అందులోనే బోలెడు రుచి ఉంది. పొగిడాడో వెక్కిరించాడో తేల్చుకోలేక జనం వాదించుకోవచ్చు. వినేవాడికి భాష వస్తే చాలదు, సామెతలూ ఊరి సంగతులూ తెలిసుండాలి. ఇది తరతరాల కుటుంబ విద్య కూడా. ఈ వంశాల వాళ్ల పేర్లు చాలావరకు ‘అయాన్’తో మొదలవుతాయి. డోలుకు అధిదేవత అయాన్.

ఇంకాస్త పడమరన ఘానాలో అకాన్ వాళ్ల పద్ధతి వేరు. వాళ్ల ట్వీ భాషలో ప్రధానంగా రెండు స్థాయిలే. అందుకే అతుంపాన్ అనేది ఒకటి మంద్రంగా, ఒకటి తారంగా పలికే జంట డోలు. నొక్కే పని లేదు, ఏ స్థాయి కావాలంటే ఆ డోలు మీద కొట్టడమే.

ఇయా ఇలు అంటే తల్లి డోలు. మేళంలో మాట్లాడేది ఆవిడే, మిగతావి ఎక్కువగా లయ పట్టి నిలబెడతాయి. అంచుకు కట్టిన ఇత్తడి మువ్వలు వెనకాల గలగలలాడుతుంటాయి. వీడియోలో ఈ మేళం ఎదురైతే కర్ర పట్టిన చెయ్యి కాదు, ఎడమచెయ్యి చూడండి. కదలకుండా ఉండి అదే దరువు తిరిగి తిరిగి వస్తుంటే నృత్యానికి వాయిస్తున్నాడు. ప్రతి దెబ్బకూ వేళ్లు బిగుస్తూ సడలుతూ ఉంటే, దరువు విరిగి విరిగి మాటల నడక పట్టుకుంటే, అక్కడ ఎవరితోనో మాట్లాడుతున్నాడు.